నేను చూడని గోలు

కంటి ఆపరేషనుకు వారం ముందు ఎవరైనా ఇంట్లో కూర్చుని చుక్కల మందు వేసుకుంటారు. నేను విజయనగరం రైలెక్కాను. ఎందుకెక్కానో చెబితే కొందరు నవ్వుతారు. నవ్వండి, నేనూ మొదట నవ్వాను.

మాది తెనాలి. మా నాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా కావటాన ఆయన బదిలీల వెంట మేమూ తిరిగేవాళ్ళం. అలా నా డిగ్రీ మూడేళ్ళూ శ్రీకాకుళంలో గడిచాయి. ముప్పై ఏళ్ళ కిందటి మాట. నేను బంతిని తన్నిన పాపాన పోలేదు గాని, మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆడిన ప్రతి ఆటకూ గోలు వెనక నిలబడేవాణ్ణి. ఆటగాళ్ళ వాచీలు, చొక్కాలు, చెప్పులు నా కాపలాలో ఉండేవి. ఆఖరి ఏడాది విజయనగరం కాలేజీ జట్టు మా మైదానానికి వచ్చింది. వాళ్ళతో ఆడటమంటే ఎన్ని గోల్స్ తేడాతో ఓడిపోతామన్నదే మాకు లెక్క. అలాంటిది ఒక్క గోలుతో మేమే గెలిచాం. ఆ గెలుపును మావాళ్ళు ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో ఏడాదికోసారైనా తలుచుకుని మురిసిపోతారు.

తలుచుకోని సంగతి ఒకటుంది. అది గోలా కాదా అని తగువొస్తే రిఫరీ నా చేత ఒట్టు వేయించాడు. అరసవల్లి సూర్యనారాయణమూర్తి మీద ఒట్టేసి, బంతి గుంజల మధ్య నుంచే వెళ్ళిందని చెప్పాను. నిజానికి నేను బంతిని చూడలేదు.

ఎడమ కంట్లో శుక్లం ఉందని డాక్టరు చెప్పిన రోజు, అన్నం తింటూ ఈ కథ మా ఆవిడ సుభద్రకు సరదాగా చెప్పాను. కళ్ళిచ్చే దేవుడి మీద దొంగ ఒట్టు వేశాను, ఇదిగో ఫలితం అన్నాను. ఆవిడ నవ్వలేదు. పెరుగు గిన్నె కింద పెట్టి, "ఆ గోలు కాసిన కీపరు ఏమయ్యాడు?" అంది.

తెలియదన్నాను.

"అయితే ముందు అతన్ని చూసి రండి. ఒట్టు తీసి గట్టున పెట్టి రండి. కంటి దగ్గరికి కత్తి రావడం ఆ తర్వాత."

మా వైపు ఒట్టు తీసి గట్టున పెట్టడం పూటకు నాలుగుసార్లు జరిగే పని. పిల్లలు ఒట్టేస్తారు, పెద్దలు తీసి గట్టున పెట్టమంటారు, అంతటితో చెల్లు. శ్రీకాకుళంలో అలా కాదని పందొమ్మిదేళ్ళప్పుడు నాకు తెలియదు. శుక్లానికీ ఒట్టుకీ సంబంధం ఉందని నేను ఇప్పటికీ నమ్మను. శుక్లానికీ వయసుకీ ఉంది. కానీ ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం లోపల దిగబడిపోయింది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. అందుకు సిగ్గేసింది.

విజయనగరం: పేరు లేని జెర్సీ

శుక్రవారం పొద్దున విజయనగరంలో దిగితే, స్టేషను బోర్డులు ఎడమ కంటికి ఆవిరి పట్టిన అద్దంలో నుంచి చూసినట్టు ఉన్నాయి. కుడి కంటితో చదువుకుంటూ బయటపడ్డాను. కాలేజీ రోజుల్లో ఈ ఊరంటే మాకు జంకు. కోట వాళ్ళదే, సంగీతం వాళ్ళదే, ఫుట్‌బాలూ వాళ్ళదే. శ్రీకాకుళానికి దేవుడొక్కడే మిగిలాడని మా కుర్రాళ్ళు అనుకునేవారు. టిఫిను హోటల్లో ఇడ్లీ ముప్పై రూపాయలు. మా వైపు సాంబారులో నాలుకకు ముందు కారం తగులుతుంది, ఇక్కడ బెల్లం తగులుతుంది. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

విజయనగరం జట్టులో బ్యాకుగా ఆడిన పైడిరాజు అనే ఆయన ఆటల జెర్సీలు కుడతాడని మా గ్రూపులో ఒకడు చెప్పాడు. మూడు లాంతర్ల కూడలి నుంచి రెండు సందులు లోపలికి వెళితే దుకాణం దొరికింది. కుట్టుమిషను వెనక బట్టతల ఆయన కళ్ళద్దాల మీద నుంచి చూశాడు.

"ఏటి గావాలి బాబూ?"

దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. జెర్సీ కావాలన్నాను.

"మనవడికా?"

"నాకే. ఫుట్‌బాలు జెర్సీ."

బొజ్జ పెరిగిన, యాభైకి దగ్గరపడ్డ మనిషి ఫుట్‌బాలు జెర్సీ అడిగితే ఎవరైనా ఎగాదిగా చూస్తారు. ఆయనా చూశాడు. లేచి టేపు నా ఛాతీ చుట్టూ వేశాడు. "నంబరెంతెయ్యమంతారు?" అని అడిగితే తడుముకోకుండా ఒకటి అన్నాను. టేపు అక్కడే ఆగింది.

"ఒకటంటే కీపరు నంబరు. మీరు కీపరేటి?"

"కాదండి. ఒక కీపరు ఆట చూశాను. ముప్పై ఏళ్ళ కిందట, శ్రీకాకుళంలో. మీ ఊరి జట్టే."

"లోకనాథం," అన్నాడు పైడిరాజు వెంటనే. "మా లోకనాథం. నాను ఆడి ముందరే ఆడీవోణ్ణి. ఆ రోజు మమ్మల్ని ఆటలో ఓడించలేదు బాబూ, ఒట్టుతో ఓడించినారు. ఎవుడో సొక్కాలు కాపలా కాసీవోడు, దేవుడి మీద ఒట్టేసి గోలన్నాడు. ఒట్టేసినాక ఇంకేటంతాం? నోర్మూసుకుని బస్సెక్కినాం. ఆ ఏడే యూనివర్సిటీ జట్టుకి కీపర్ని తీయాల. ఆ గోలు ఊసు పెద్దోల్ల సెవిన పడకుంతాదేటి? మావోణ్ణి తియ్యలేదు. తీసుంటే ఈపాటికి రైల్వేలో ఉండీవోడు. ఇప్పుడు నౌపడలో ఉప్పు మడులు సూసుకుంతన్నాడు."

టేపు ఇంకా నా ఛాతీ చుట్టూనే ఉంది. గుండె కొట్టుకోవడం ఆయన వేళ్ళకు తెలుస్తుందేమోనని ఊపిరి బిగబట్టాను.

"ఆ చొక్కాల అబ్బాయి ఎప్పుడైనా కనిపిస్తే ఏం చేస్తారు?" అని అడిగాను.

పైడిరాజు ఆలోచించాడు. "ఏటి సేస్తాం. టీ ఇప్పించి, నిజం సెప్పు నాయినా అనడుగుతాం. కొట్టీ వయసు పోనాది."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. కొట్టనని కూడా అన్నాడు కదా. అయినా జెర్సీ ధర అడిగాను. పసుపు రంగు జెర్సీ ఒకటి తీసి, ఇస్త్రీపెట్టెతో ఒకటి నంబరు అంటించాడు. "ఈపు మీద పేరేటెయ్యమంతారు?" అన్నాడు.

"పేరొద్దు," అన్నాను.

టీ ఆయనే ఇప్పించాడు. అదొకటి ఇంకా బాధ.

శ్రీకాకుళం: పడమటి ఎండ

ప్లాట్‌ఫారమ్ మీద ఇరవై రూపాయల ముంతమసాలా కొనుక్కుని, శ్రీకాకుళానికి దగ్గరి స్టేషను ఆమదాలవలసకు రైలెక్కాను. మరమరాల్లో వేరుశనగలు, ఉల్లిపాయ, నిమ్మకాయ. మా ఊళ్ళోనూ ఇలాంటిది దొరుకుతుంది గాని, ఇక్కడివాళ్ళు అది కలిపేటప్పుడు ముంతను ఊపే తీరు వేరు. ఎదురు సీట్లో ఖాళీ చేపల తట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ నా ఎడమ కన్ను వైపే చూస్తోంది.

"కన్నేటైనాది బాబూ?"

"శుక్లమమ్మా."

"అరసవల్లి ఎల్తన్నావేటి?"

"ఎల్లుండి ఆదివారం వెళతాను. ఆపరేషను కూడా ఉంది."

"ఏ తప్పు సేసినావు?"

ఇక్కడి వాళ్ళు ఇంతే. మా వైపు ఈ ప్రశ్నకు ముందు అరగంట ఉపోద్ఘాతం ఉంటుంది. అలా ఎందుకు అడిగావమ్మా అన్నాను.

"మామూలోల్లు ఆపరేసనుకెల్తారు. తప్పు సేసినోల్లు రెండు సోట్లకీ ఎల్తారు," అంది. నా చేతిలో పొట్లం నుంచి రెండు పలుకులు తీసుకుని నోట్లో వేసుకుంది. ఆమదాలవలసలో దిగేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

సాయంత్రానికి మా కాలేజీ మైదానంలో ఉన్నాను. బాగు చేశారు. చుట్టూ నడిచేవాళ్ళకు బాట వేశారు. ఇనుప గుంజలు, వాటికి నైలాను వల. మా రోజుల్లో చెక్క గుంజలకు సున్నం కొట్టేవాళ్ళు. వల చినిగిపోతే మళ్ళీ కొనలేదు. తగువంతా ఆ లేని వల దగ్గరే వచ్చింది.

ఆ ఆట గురించి చెప్పాలి. సగం ఆట అయ్యేదాకా మా వాళ్ళు బంతిని చూసిందే తక్కువ. విజయనగరం వాళ్ళు పదిసార్లు మా గోలు మీదికి వచ్చారు. పది సార్లూ ఎవడి మోకాలో, ఎవడి వీపో అడ్డుపడింది. ఇక ఐదారు నిమిషాలే ఉన్నాయనగా మా ఫార్వర్డు సింహాచలానికి బంతి దొరికింది. అతని వెనక పడమట సూర్యుడు. ఎదురుగా వాళ్ళ కీపరు లోకనాథం. ఆ కీపరు వెనక, చొక్కాల మూటతో నేను. సింహాచలం కాలు లేవడం కనిపించింది. చెక్కకు ఏదో రాసుకున్న చప్పుడు వినిపించింది. నా పక్క నుంచి గాలి కొట్టింది. తిరిగి చూస్తే బంతి వెనక కాలవలో తేలుతోంది.

మావాళ్ళు గోలన్నారు. వాళ్ళు బయటన్నారు. గీత దగ్గర జేబురుమాలు పట్టుకుని ఉండే కుర్రాళ్ళిద్దరూ చెరో కాలేజీ వాళ్ళు, వాళ్ళూ చెరో మాట అన్నారు. రిఫరీ మూడో కాలేజీలో ఆటలు నేర్పే పీడీ. భారీ మనిషి, ఆట పొడుగునా మధ్య వలయం దాటలేదు. ఆయన ఆయాసపడుతూ వచ్చి నన్ను పిలిచాడు.

"గుంజ ఎనకాల నువ్వే గదా ఉన్నావు? సూసినావా?"

"చూశాను సార్."

"అయితే సూర్యుడికేసి తిరుగు. అరసవల్లి దేవుడి మీద ఒట్టేసి సెప్పు."

మా ఊళ్ళో అయితే ఎవడో ఒకడు కిసుక్కుమనేవాడు. అక్కడ ఒక్కరూ నవ్వలేదు. విజయనగరం కెప్టెను కూడా, ఒట్టేస్తే ఒప్పుకుంటాం అన్నాడు. నేను తిరిగాను, ఒట్టేశాను, గోలన్నాను. తీసి గట్టున పెట్టడానికి నాకు గట్లు చాలా ఉన్నాయి కదా. వాళ్ళు మారుమాట లేకుండా వెళ్ళి మధ్య గీత దగ్గర నిలబడ్డారు. ఆట అయ్యాక సింహాచలంతో పాటు నన్నూ భుజాల మీద ఎక్కించుకున్నారు. నా జన్మలో నన్ను ఎవరైనా భుజాల మీద మోసింది ఆ ఒక్కసారే. చాలా ఆనందంగా ఉండింది. ఆ ఆనందం అబద్ధం కాదు.

అదే వేళకు అదే చోట మళ్ళీ నిలబడ్డాను. ఒకవేళ చూశానేమో, ఇన్నేళ్ళలో మరిచిపోయానేమో అన్న చిన్న ఆశ ఉండేది. ఒక అమ్మాయి ట్రాక్‌సూట్‌లో పడమటి వైపు నుంచి బంతి కొడుతోంది. మంచి కన్ను చికిలించి చూశాను. ఎండ తప్ప ఏమీ లేదు. బంతి వలకు తగిలిన చప్పుడయ్యాకే అది వచ్చిందని తెలిసింది. ఆశ కూడా పోయింది.

నౌపడ: చేతికివ్వని ఉప్పు

శనివారం నౌపడ స్టేషన్లో దిగి, కీపరు లోకనాథం ఇల్లెక్కడని అడిగాను. ఇంటికెందుకు, ఈ వేళప్పుడు టీకొట్టు దగ్గర ఉంటాడన్నారు. ఊరి చివర రోడ్డు పక్క తాటాకు కప్పిన కొట్టు. దాని వెనక కనుచూపు మేర ఉప్పు మడులు, తెల్ల గుట్టలు. నా ఎడమ కంటికి అదంతా ఒకటే తెలుపు. టీ పోస్తున్నావిడ పేరు నారాయణమ్మ. బల్లల మీద ఏడెనిమిది మంది. అందరిలోకీ పొడుగ్గా, ఎండకు ఎండి, మోకాళ్ళ దాకా ఉప్పు పేరుకున్న కాళ్ళతో ఉన్న మనిషిని అడగకుండానే గుర్తుపట్టాను.

"లోకనాథం గారూ, నేను శ్రీకాకుళం కాలేజీలో చదివాను. ఆ రోజు గోలు వెనక చొక్కాలతో నిలబడింది నేనే."

నారాయణమ్మ టీ పోయడం ఆపింది. ఆ ఆట వాళ్ళెవరూ చూడలేదు. అయినా అక్కడున్న ప్రతివారికీ నేనెవరో తెలుసు. మా గ్రూపులో కూడా నన్ను అంతగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఇక ఆగితే మళ్ళీ విజయనగరమే అవుతుందని గబగబా చెప్పేశాను. ఎండ కళ్ళలో పడిందని, బంతిని చూడలేదని, చూశానని ఒట్టేశానని. నా వల్ల మీ ఉద్యోగం పోయింది, క్షమించమని అడగడానికి వచ్చానన్నాను. చేతులు జోడించాను కూడా.

"నాను సెప్పలేదేటి," అన్నాడు ఒక ముసలాయన పక్కవాడితో. "ఏనాటికైనా ఆడే వస్తాడని సెప్పినాను. అరసవల్లి దేవుడు ఊరుకుంతాడా."

"కన్ను కూడా సూడు," అంది నారాయణమ్మ మెల్లగా.

ఒకాయన లేచి వచ్చి లోకనాథం భుజం తట్టాడు. ఇంకొకాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. లోకనాథం ఒక్కడి మొహంలోనే సంతోషం లేదు. నన్ను కాసేపు చూసి, "తిన్నావా?" అని అడిగాడు. లేదన్నాను. "దా," అన్నాడు.

ఇంట్లో ఆయన భార్య కమల ముందు చోడి అంబలి ఇచ్చింది. తర్వాత అన్నం, ఎండు నెత్తళ్ళ చేపల పులుసు. చోడి అంటే మా రాగులే. మా వైపు డాక్టరు చెబితే గాని తాగం, ఇక్కడ దాహం వేస్తే తాగుతారు. నేను చెప్పిన మాట నాకంటే ముందే ఇంటికి చేరిపోయింది. కమల వడ్డిస్తూనే మాట్లాడింది.

"ముప్పై ఏల్లు ఆ మాటే ఇన్నాను బాబూ. పెల్లిసూపుల్లో కూడా ఆ గోలు కతే సెప్పినాడు. ఉద్యోగం లేదని మా బాబు ఎనకాడినాడు. కత ఇన్నాక, కుర్రోడు అన్నాయమైపోనాడు, మనసున్నోడు అని నన్నిచ్చినాడు. మీరొచ్చి ఒప్పుకున్నారు, అదే పదివేలు."

లోకనాథం తల ఎత్తకుండా తింటున్నాడు. పులుసు బాగుంది. ఇంకొంచెం వేయించుకుందామనుకున్నాను గాని, ఆయన కంచం వైపు చూసి ఊరుకున్నాను. సగం అన్నం అలాగే ఉంది.

ఎండ తగ్గాక మడులు చూపిస్తానని తీసుకెళ్ళాడు. గట్ల మీద ముందు ఆయన, వెనక నేను. నాకు లోతు సరిగా తెలియక ఒకచోట కాలు జారి మోకాలి దాకా ఉప్పునీళ్ళలో దిగబడ్డాను. చెయ్యి పట్టి లాగాడు. ఆ వేళ్ళ బలం ఇంకా కీపరుదే. లాగినవాడు నా చెయ్యి వదలలేదు.

"అది గోలే బావా."

నాకు అర్థం కాలేదు. ఏమిటన్నాను.

"నాను ఎడం పక్కకి పడినాను. నా సెయ్యి గుంజకి జానెడు లోపలున్నాది. బంతి నా ఏల్లు రాసుకుని, నా సెయ్యికీ గుంజకీ నడుమ నుంచి ఎల్లిపోనాది. నాకు తప్ప ఎవులికీ తెలీదు." అప్పుడు నా చెయ్యి వదిలి, తన చెయ్యి గాలిలో చాపి, పక్కన లేని గుంజను చూపించాడు.

"మరి బయటన్నారేం?"

"నాను అనలేదు. లేసీసరికే మావోల్లు బయట, బయట అని అరుత్తన్నారు. పైడిరాజు నా మొహంలోకి సూసినాడు. తలూపినాను, అంతే. రిఫరీ నన్నడగలేదు, నిన్నడిగినాడు. నన్ను ఒట్టెయ్యమనుంటే నాను ఏసీవోణ్ణి కాదు బావా. మాది ఈ జిల్లా."

నాకు మొదట తేలిగ్గా అనిపించింది. వెంటనే కోపం వచ్చింది. అంత మంది ముందు చేతులు జోడించి నిలబడితే ఈ మనిషి టీ గ్లాసు పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత కమల మాటలు గుర్తొచ్చి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఉద్యోగం నీ వల్ల పోలేదు," అన్నాడు. "సెలక్షనుకెల్లినాను. మూల మీదికొచ్చిన బంతికి దూకలేకపోనాను. బయటికి పోతాదిలే అనిపించీది. మూడు గోల్సు తినీసినాను. ఇంటికొచ్చి ఏటి సెప్పాల? శ్రీకాకుళం గోలే సెప్పినాను. నువ్వు సూడకండా నిజం సెప్పినావు. నాను సూసి అబద్దం సెప్పినాను. ఒట్టు నీదే నెగ్గినాది."

తిరిగి వచ్చేటప్పుడు గుట్ట పక్క నుంచి కేజీ ఉప్పు సంచిలో పోశాడు. చెయ్యి చాపితే ఇవ్వలేదు. గట్టు మీద పెట్టి, తీసుకోమన్నాడు. "ఉప్పు సేతికీకూడదు. తగువులొస్తాయి."

"ఇంకా కొత్తవి కూడానా?" అన్నాను. అప్పుడు మొదటిసారి నవ్వాడు.

"మా ఉప్పు తిన్నావు. మావోల్లకి సెప్పకు బావా."

చెప్పనన్నాను. ఒట్టు వేయమని ఆయన అడగలేదు. సంచిలో ఉన్న పసుపు జెర్సీ తీసి ఇచ్చాను. ముందు నంబరు చూసుకుని, తిరగేసి వీపు చూశాడు. పేరు లేదేమని అడగలేదు.

అరసవల్లి: రేకు కళ్ళు

ఆదివారం అరసవల్లిలో ఆటోలు కూడా వరుసలోనే కదులుతాయి. గుడి వీధిలో పళ్ళెం మీద రేకు కళ్ళు అమ్ముతున్నారు, జత యాభై రూపాయలు. అమ్మేవాడు నా మొహం చూసి, అడక్కుండానే ఎడమ కన్ను ఒక్కటీ విడిగా తీశాడు. జతే ఇమ్మన్నాను. మా వైపు గుళ్ళలో కోరిక పైకి చెప్పకూడదంటారు. ఇక్కడ వరుసలో నా ముందున్నాయన తన ఎగ్జిమా గురించి, పొలం తగాదా గురించి దేవుడికి వినపడేలా చెప్పుకుంటూ నడిచాడు. నాకూ ఆ పద్ధతి నచ్చింది గాని, నా దగ్గర చెప్పుకోవడానికి ఏం మిగిలింది? దొంగ ఒట్టు వేశానని చెప్పుకుందామని తెనాలి నుంచి బయల్దేరాను. తీరా చూస్తే ఒట్టు నిజం. వేసినవాడే దొంగ. దీనికి శిక్ష ఉంటుందో లేదో ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

లోపల స్వామి ముందు రెండు సెకన్లు నిలబడనిచ్చారు. "చూడలేదు స్వామీ," అన్నాను, అంతే. వెనకవాళ్ళు తోశారు. రేకు కళ్ళు హుండీలో వేసి బయటికొచ్చాను.

తెనాలి: నల్ల కళ్ళద్దాలు

ఆపరేషను ఇరవై నిమిషాల్లో అయిపోయింది. సుభద్రకు మాత్రం అంతా చెప్పాను. భార్యకు చెప్పడం చెప్పడం కిందికి రాదని మా వైపు నమ్మకం. ఆవిడ విని, నౌపడ ఉప్పు సీసాలో పోసి, ఆవకాయకు పనికొస్తుందని పైన పెట్టింది. నల్ల కళ్ళద్దాలతో వరండాలో కూర్చుని ఉండగా, పదో రోజున లోకనాథం ఫోన్ చేశాడు.

"సెప్పీసినాను బావా."

"ఎవరికి?"

"అందరికీ. కొట్టు కాడ. నువ్వంత దూరం నుంచొచ్చి తలొంచినావు. అప్పట్నుంచి అందరూ నన్ను దేవుణ్ణి సూసినట్టు సూత్తన్నారు. టీ దిగట్లేదు. నిన్న లేసి, అది గోలే, నానే అబద్దమాడినానని సెప్పీసినాను."

"ఏమన్నారు?"

"ఎవులూ నమ్మట్లేదు."

"అదేమిటి?"

"ఆ బాబు కల్లు పోతన్నాయని జాలిపడి, ఆయన దోసం నీ నెత్తినేసుకుంతన్నావంతన్నారు. మా ఇంటిది మరీను. నీ అంత మంచోడు లేడని ఏడుత్తన్నాది. మా బాబు నిన్నూరికే మెచ్చి నన్నియ్యలేదంతాది."

"ఒట్టేసి చెప్పాల్సింది."

"ఏసినాను. అరసవల్లి దిక్కు తిరిగి ఏసినాను. పరాయోడి కోసం ఒట్టు కూడా తప్పినాడని అందరూ కల్లంట నీల్లెట్టుకున్నారు."

నాకు నవ్వొచ్చింది. కంటి మందు కారిపోతుందని ఆపుకున్నాను. ఆయన మాత్రం నవ్వట్లేదు. ముప్పై ఏళ్ళు మోసి, దించుకుందామంటే దించుకునే చోటు లేని మనిషి గొంతు అది.

"నువ్వు రా బావా," అన్నాడు. "వచ్చి, గోలేనని ఒట్టేసి సెప్పు. నీ మాట నమ్ముతారు."

వెళ్ళాలనే అనిపించింది. ఆ మనిషికి నేను చేయగలిగింది అదొక్కటే. కానీ ఎలా చేయను?

"నేను చూడలేదు కదా," అన్నాను.

"పోనీ, రాసైనా పంపు. నారాయణమ్మ కూతురు అందరికీ సదివి ఇనిపిస్తాది," అన్నాడు. సరేనన్నాను. ఇది ఆ రాతే. గోలని నేను చెప్పడం లేదు, గోలని ఆయన చెప్పాడని చెబుతున్నాను.

ఫోన్ పెట్టేసే ముందు అడిగాడు. "కన్నెలాగున్నాది?"

"బాగా కనిపిస్తోంది. వీధి చివర బోర్డు కూడా చదువుతున్నాను."

"ఆ ఆపరేసనేదో అప్పుడే సేయించుకోవలసింది బావా," అన్నాడు లోకనాథం.